పరాయి దేశంలో పరువు ఎక్కడ పోతుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. భోజనాలయ్యాక, ఫ్యాన్ల కింద, టెక్నాలజీ అంటే ఎంతమంది మేలుకుని ఉంటారో నాకు తెలుసు. అందుకని విషయం మార్చుకున్నాను. విదేశాలు చూడ్డానికి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ చేసే పొరపాట్ల గురించి, నవ్వులపాలయ్యే సందర్భాల గురించి చెబుతాను.

దీనికి కారణం ఉంది. ఈ హాల్లో చాలామందికి కొడుకో కూతురో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. రిటైరైన మాస్టార్లలో కొందరు ఏడాదిలో సగం రోజులు అక్కడే ఉంటున్నారు. మిగతావాళ్ళు టూర్ ప్యాకేజీల్లో సింగపూరో, బ్యాంకాకో, యూరప్పో చుట్టి వస్తున్నారు. మన వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల తర్వాత ఎక్కువగా కనిపించేవి విమానాశ్రయంలో దిగిన ఫొటోలే.

వెళ్ళేముందు కొందరు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు. "ఒరేయ్, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి?" "మీ వదినకి చీరలు చాలా, ప్యాంట్లు కూడా కొనమంటావా?" "వాళ్ళ ఇంగ్లీషు మనకి అర్థమవుతుందంటావా?" భయమంతా వీటి గురించే. "సూట్‌కేసులో ఏం సర్దారు?" అని నేను అడిగితే మాత్రం, "ఏముందిరా, పప్పులూ పొడులూ" అని తేలిగ్గా తీసిపారేస్తారు. ఈ భయం తలకిందులుగా ఉంది. ఫోర్కు ఎడమచేత్తో పట్టుకున్నా, కుడిచేత్తో పట్టుకున్నా, అసలు పట్టుకోకపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ చేయరు. ఆ పొడుల మధ్యలో ఉన్న ఒక పొట్లం మాత్రం జైలుకు పంపించగలదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు నవ్వుకునేవి చెబుతాను.

మనవాళ్ళు బయట చేసే పొరపాట్లలో చాలావాటికి కారణం మర్యాద తెలియకపోవడం కాదు. మర్యాద బాగా తెలిసి ఉండటమే. కాకపోతే అది మన మర్యాద. థాయ్‌లాండ్‌లో ఒక పసివాడు చేతులు జోడించి దణ్ణం పెట్టాడనుకోండి, మన పెద్దావిడ ఏం చేస్తుంది? వాడి నెత్తిమీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమని దీవిస్తుంది. అక్కడ తల పవిత్రమైనది, పరాయివాళ్ళు ముట్టుకోరు. కాలు ఎవరివైపూ చాపకూడదన్న నియమం మాత్రం వాళ్ళకూ మనకూ ఒకటే. కాబట్టి ఆ పేపర్లో మనం పాసవుతాం, అమెరికన్లు ఫెయిలవుతారు.

గ్రీసులో హోటల్లో ఐదు టీలు కావాలని, వేళ్ళు బాగా విడదీసి అరచెయ్యి సర్వరు ముఖానికెదురుగా చాపితే అది అక్కడ పాతకాలం నుంచీ వస్తున్న పెద్ద తిట్టు. మన గుళ్ళలో అభయమిచ్చే చెయ్యి అక్కడ అవమానించే చెయ్యి! ఇలాంటివి చదువురాని యాత్రికులకే జరుగుతాయనుకోకండి. 1992 జనవరిలో అమెరికా అధ్యక్షుడు సీనియర్ జార్జ్ బుష్ ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా వెళ్ళి, కారులోంచి జనానికి రెండు వేళ్ళతో విజయసంకేతం చూపించారు. చెయ్యి తిప్పి, అరచెయ్యి తనవైపు పెట్టుకుని చూపించారు. అలా చూపిస్తే బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ అది బూతు. ఆయన చుట్టూ ఎంతమంది సలహాదారులుండి ఉంటారో ఆలోచించండి.

బల్గేరియాలో తల పైకీ కిందికీ ఆడిస్తే కాదని, అడ్డంగా ఆడిస్తే అవునని. మన తల ఊపుడు ఈ రెండింటికీ చెందకుండా మధ్యలో వాలుగా తిరుగుతుంది కాబట్టి, అక్కడ మనం ఏమన్నామో ఆ భగవంతుడికే తెలియాలి.

ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో ఎవరైనా భోజనానికి పిలిస్తే చామంతులు పట్టుకెళ్ళకండి. మనకు దేవుడి పూజకు వాడే పువ్వు, పండగకు గుమ్మానికి కట్టే పువ్వు. వాళ్ళకది సమాధుల మీద పెట్టే పువ్వు. నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజుల్లో శ్మశానాలన్నీ చామంతులే. రష్యాలో పువ్వు ఏదైనా సరే, సరిసంఖ్యలో ఇస్తే చావుకు ఇచ్చినట్టే. జపాన్‌లో అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి పెడితే పక్కవాళ్ళ ముఖాలు మారిపోతాయి, ఎందుకంటే పోయినవాళ్ళకు అన్నం పెట్టేది అలాగే. మన విస్తట్లో ఎవరైనా అన్నం ముద్ద చేసి పైన నల్లనువ్వులు చల్లితే మనకెలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది.

ఇవన్నీ ఒక నవ్వుతో, ఒక సారీతో పోయేవి. వీటి కోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఎదుటివాళ్ళు కూడా మన దగ్గరికి వచ్చినప్పుడు ఇంతే. ఆవకాయని కూర అనుకుని స్పూనుతో నోట్లో పెట్టుకున్న తెల్లవాణ్ణి మీలో చాలామంది చూసే ఉంటారు. అతన్ని మనం తిట్టామా? మజ్జిగ ఇచ్చాం.

మరికొన్నిటికి డబ్బు ఖర్చవుతుంది. ఇటలీలో చిన్న ఊళ్ళ మధ్య తిరిగే రైళ్ళకు కాగితం టికెట్టు కొంటే సరిపోదు. ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద ఉన్న మిషన్‌లో పెట్టి దానిమీద తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే అదే టికెట్టుతో మళ్ళీ ప్రయాణం చేసే వీలుంది కదా, అందుకని. టికెట్టు కొన్న నిజాయితీపరుడు, టికెట్టు చేత్తో పట్టుకుని, అందరిముందూ జరిమానా కట్టడం కన్నా చిన్నతనం ఉంటుందా! మన స్టేషన్లలో అలాంటి మిషన్ లేదు కాబట్టి మనకు తట్టదు. అంతే తప్ప అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నేను భవనాలు కట్టే ఇంజనీరుని. అందుకని డబ్బు ఖర్చయ్యేవాటిలో బాత్రూం దగ్గర కాసేపు ఆగుతాను.

మన బాత్రూం గది మొత్తం తడవడానికే కట్టాం. నేలంతా పలకలు, ఒక మూలకు వాలు, ఆ మూల జాలీ. చెంబుతో ఎలా పోసుకున్నా, ఎంత పోసుకున్నా నీళ్ళు దారి వెతుక్కుని పోతాయి. అమెరికాలో ఇళ్ళు ఎక్కువగా కలప చట్రం మీద కడతారు. బాత్రూం నేల కింద ప్లైవుడ్ లాంటి చెక్క, దాని కింద దూలాలు, వాటి కింద కిందింటివాళ్ళ జిప్సం సీలింగు. అక్కడ నీళ్ళ కోసం కట్టింది టబ్బు ఒక్కటే. టబ్బు బయట నేలకు మామూలుగా జాలీ ఉండదు. మన లెక్కలో ఆ నేల హాల్లో నేలలాంటిది. టబ్బుకున్న కర్టెన్ అంచు లోపలికి వేలాడదీయాలి. బయటికి వేస్తే పడ్డ నీళ్ళన్నీ దాని వెంబడే నేలమీదికి దిగుతాయి.

నాకు తెలిసిన ఒక పెద్దాయన, జీవితమంతా పద్ధతిగా బతికిన మనిషి, కొడుకు దగ్గరికి వెళ్ళారు. టబ్బు అంచు దాటడానికి మోకాళ్ళు సహకరించలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని టబ్బు పక్కన స్టూలు వేసుకుని, బకెట్టు నింపుకుని, చెంబుతో శుభ్రంగా స్నానం చేశారు. ఆ తర్వాత గుడ్డతో నేలంతా తుడిచారు కూడా. కొన్నాళ్ళకు కింది ఫ్లాటువాళ్ళ సీలింగులో పసుపు మరక కనిపించింది, తర్వాత చుక్కలు పడ్డాయి. మేనేజ్‌మెంటువాళ్ళు వచ్చి పైకప్పు కోసి చూశారు. కొడుక్కి బిల్లు వచ్చింది. "పోనీలే నాన్నా, నేను ముందే చెప్పాల్సింది" అన్నాడు కొడుకు. ఆయన మాత్రం రెండు రోజులు స్నానం చేయలేదు. మూడో రోజున తిరుగు టికెట్టు ముందుకు జరపమన్నారు.

నాకు బాధ కలిగించేది ఆ రెండు రోజులు. బిల్లు కట్టుకోవచ్చు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, తన ఒంటిని శుభ్రంగా ఉంచుకున్నందుకు కొడుకింట్లో నేరం చేసినవాడిలా కూర్చోవడం ఏమిటి? ఆ నేల అలా కట్టారని ఆయనకెవరు చెప్పారు? పిల్లలు విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు దారిలో కనిపించే ప్రతి మాల్‌నూ చూపిస్తారు, ఇంటికి వెళ్ళాక బాత్రూం చూపించరు. అమ్మానాన్నలకు ఆ మాట చెబితే చిన్నబుచ్చుకుంటారేమోనని మొహమాటం. అడిగితే మనకు తెలియదని తేలిపోతుందేమోనని ఇటువైపు మొహమాటం. ఈ రెండు మొహమాటాల మధ్యలోంచే నీళ్ళు కారాయి. స్టూలూ బకెట్టూ టబ్బు లోపల పెట్టుకుంటే ఏ గొడవా లేదు. టబ్బులో కూర్చోవడానికి, అంచు మీదుగా జరగడానికి వీలుగా ముసలివాళ్ళ కోసం చేసిన కుర్చీలు అక్కడి మందుల షాపుల్లోనే దొరుకుతాయి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించుకోవచ్చు. అవి ఖరీదైన వస్తువులు కావు.

రెండోది పోపు. ఆ దేశాల్లో ప్రతి ఫ్లాటులోనూ పొగను పసిగట్టే చిన్న డబ్బా సీలింగుకు ఉంటుంది. ఒక రకం దాంట్లో మైక్రోగ్రాము కన్నా తక్కువ అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థం పెడతారు. దానివల్ల లోపలి గాలిలో సన్నటి కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. పొగ కణాలు లోపలికి వెళ్తే ఆ కరెంటు తగ్గుతుంది, గంట మోగుతుంది. ఇంకో రకం వెలుతురుతో పనిచేస్తుంది. ఈ రెండింటికీ ఇల్లు తగలబడుతోందా, ఎండుమిరపకాయ వేగుతోందా అన్న తేడా తెలియదు. పైగా చాలా ఫ్లాట్లలో పొయ్యి మీది ఫ్యాను పొగని బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. హోటల్ గదిలో అగరుబత్తి వెలిగించినా ఇదే కథ. కొన్ని భవనాల్లో ఒక్క గంట మోగితే అందరూ మెట్ల మీదుగా కిందికి దిగాల్సిందే, ఫైరింజను రావాల్సిందే. చలిలో, దుప్పటి కప్పుకున్న పసిపిల్లలతో సహా రెండు వందల మంది రోడ్డు మీద నిలబడి ఉంటే, అది మన పప్పు పోపు వల్లనని తెలిసిన అత్తగారి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. కిటికీ తెరిచి, మంట తగ్గించి, మూత పెట్టి పోపు వేయండి. ఆ డబ్బాకి ప్లాస్టిక్ కవరు మాత్రం తొడగకండి. కొందరు తెలివిగా చేస్తున్నామనుకునే పని అది. నిజంగా మంట వచ్చిన రోజున ఆ తెలివే ప్రాణం తీస్తుంది. చాలా హోటళ్ళు దానికి జరిమానా కూడా వేస్తాయి.

ఇక్కడ ఒక మాట. పొరపాటు వేరు, తప్పు వేరు. 2019 జులైలో బాలిలో ఒక భారతీయ కుటుంబం సూట్‌కేసుల్లోంచి హోటలువాళ్ళ హెయిర్ డ్రయ్యర్లు, హ్యాంగర్లు బయటికి తీస్తున్న వీడియో మీరందరూ చూసే ఉంటారు. దాన్ని సంస్కృతుల తేడా అనకూడదు. అదే నెలలో స్విట్జర్లాండ్‌లోని గ్స్టాడ్‌లో ఒక హోటలు, భారతీయ అతిథులకు మాత్రమే అని రాసి పెట్టిన కాగితం దేశమంతా తిరిగింది. పొద్దుటి టిఫిన్ మధ్యాహ్నానికి కట్టుకెళ్ళకండి, వరండాలో గట్టిగా మాట్లాడకండి అని. అందులో చెప్పిన విషయాలు సబబైనవే. ఒక్క దేశంవాళ్ళ పేరు పెట్టి చెప్పడం సబబు కాదు. నన్నడిగితే ఇద్దరికీ చెరి సగం మార్కులు.

ఇప్పుడు సూట్‌కేసు దగ్గరికి వద్దాం.

కరివేపాకు అమెరికాకు పట్టుకెళ్ళకూడదు. "రెండు రెమ్మలకి ఏమవుతుందండీ, మరీ చోద్యం" అంటారు. ఏమవుతుందో చెబుతాను. కరివేప, నిమ్మ, నారింజ దగ్గరి బంధువులు. ఆ ఆకుల మీద బతికే చిన్న పురుగొకటి నారింజ చెట్లకు ఒక తెగులు అంటిస్తుంది. మన బత్తాయి, నారింజ తోటల్నీ పీడించే తెగులే అది. దానికి ఇప్పటిదాకా సరైన మందు లేదు. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడింది. తుఫాన్లు కూడా తోడై, ఇరవై ఏళ్ళలోపే అక్కడి నారింజ దిగుబడి పదో వంతు కన్నా కిందికి పడిపోయింది. కాబట్టి ఆ కుక్క మన సంచీ వాసన చూసి కూర్చుండిపోయిందంటే అది మనమీద అనుమానం కాదు, ఒక రైతు బతుకు మీద కాపలా.

ఇందులో పరువు కాపాడుకునే దారి ఒక్కటే. ఫారంలో తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని రాయండి. అధికారి చూస్తాడు, వద్దన్నవి తీసుకుని మిగతావాటితో పంపించేస్తాడు. లేవని రాసి దొరికితే అప్పుడు జరిమానా. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు. అంటే వాళ్ళు శిక్షించేది పచ్చడిని కాదు, లేదన్న మాటని. "ఏమీ లేవని రాసేయండి, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చే అనుభవజ్ఞులు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. వాళ్ళ మాట వినకండి.

ఇక మొదట్లో చెప్పిన పొట్లం. గసగసాలు. నల్లమందు తీసే కాయలోని గింజలే ఇవి. గింజలో మత్తు ఉండదు కానీ కాయ పాల జాడలు గింజకి అంటి ఉంటాయి. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో ఆ పంట పండిస్తారు, గింజలు మన కిరాణా కొట్టుకు వస్తాయి. వంకాయ కూరలో, కోడికూరలో నూరి వేస్తాం. దుబాయ్ ఉన్న యుఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో అవి నిషిద్ధం. అక్కడ గసగసాలంటే మసాలా దినుసు కాదు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే సరుకు. "వంటలోకండీ" అంటే నవ్వి వదిలేయరు. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసి ఉన్నా ఇబ్బందే. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళందరికీ ఇంట్లోవాళ్ళు ప్రేమగా కట్టిచ్చే మూటల్లో మసాలాలుంటాయి. కట్టేవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

మందులు కూడా అంతే. దగ్గు మందులో కోడీన్, మోకాళ్ళ నొప్పి మాత్రలో ట్రమడాల్ ఉంటే యుఏఈకి ముందుగా అనుమతి తీసుకోవాలి. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ ఒక మోతాదు దాటితే జపాన్‌లోకి రానివ్వరు. మన పెద్దవాళ్ళకు ఒక అలవాటు. మాత్రలన్నీ రేకుల్లోంచి ఒలిచి, ఉదయానివీ రాత్రివీ పాత డబ్బాల్లో సర్దుకుంటారు. పేరూ ఊరూ లేని తెల్లటి మాత్రలు అవేమిటో ఏ అధికారికి ఎలా చెబుతారు? రేకులు అలాగే ఉంచండి, డాక్టరు రాసిన చీటీ పక్కనే పెట్టండి.

ఇంకొకటి. "అన్నయ్యా, మావాడికి ఈ చిన్న పొట్లం ఇవ్వన్నయ్యా, ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకుంటాడు." కాదనడం మనకు చేతకాదు. కౌంటర్ దగ్గర, మీ సామాను మీరే సర్దుకున్నారా అని అడిగితే అవునంటాం. ఆ ఒక్క అవునుతో ఆ పొట్లం మనదైపోతుంది. అందులో ఏముందో చట్టం మనల్నే అడుగుతుంది. మొహమాటపడనక్కర్లేదు, "నా ముందు విప్పి సర్దమ్మా, చూసి పట్టుకెళ్తాను" అనండి. మంచివాళ్ళెవరూ దానికి నొచ్చుకోరు. నొచ్చుకున్నవాళ్ళ పొట్లం అసలే వద్దు.

మాట దగ్గర కూడా ఒక జాగ్రత్త. అమెరికాలో దిగాక ఎందుకొచ్చారని అధికారి అడుగుతాడు. మన భాషలో మనవణ్ణి చూడ్డానికి వచ్చామన్నా, చూసుకోవడానికి వచ్చామన్నా ప్రేమలో తేడా లేదు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి రెండోది పిల్లవాణ్ణి పెంచే ఆయా పని అవుతుంది. విజిటర్ వీసాతో పని చేయకూడదు కాబట్టి అక్కడ ప్రశ్నలు మొదలవుతాయి. కొడుకునీ కోడల్నీ మనవణ్ణీ చూసి, నాలుగు ఊళ్ళు తిరిగి వెళ్తామని ఉన్నదే చెప్పండి. ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే తెలుగు దుభాషిని అడగండి, అడగడం నామోషీ కాదు. అరకొర ఇంగ్లీషులో అన్నిటికీ యస్ యస్ అనడమే ప్రమాదం.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి దిగిపోతాను. భోజనాల దగ్గర మా లెక్కల మాస్టారు అడిగారు, "అన్నీ వద్దంటున్నావు, ఇంతకీ ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా?" అని. అమెరికాకు పట్టుకెళ్ళొచ్చు మాస్టారూ. చేతి సంచీలో పెట్టకండి, తనిఖీ దగ్గరే ఆపేస్తారు. పెద్ద సూట్‌కేసులో, గట్టి ప్యాకింగులో పెట్టించండి, ఫారంలో రాయండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం ఇక్కడే తినేసి బయల్దేరండి.